పనికి అడ్డు లేదు, గూటికే గడువు

పల్లె విడిచి నగరానికి వచ్చిన శ్రామికుడు మొదట వెదికేది పని; పిదప తల దాచుకొనే చోటు. మొదటిది తెలిసిన మేస్త్రీ ద్వారా నాలుగు రోజులలో దొరకవచ్చు. రెండవదానికి ఒక్కొక్కప్పుడు ఒక తరం పడుతుంది.

1901లో భారతదేశ జనాభాలో నూటికి సుమారు 11 మంది పట్టణవాసులు. 2011 నాటికి వారు 31 మంది, అనగా దాదాపు 37 కోట్ల 70 లక్షల మంది అయ్యారు. వారిలో ఆరున్నర కోట్ల మంది మురికివాడలలోనే ఉన్నారని ఆ సంవత్సరపు జనాభా లెక్కలు తెలిపాయి.

ఈ కథకు బొంబాయి ప్రబల నిదర్శనం. 1854లో కవాస్‌జీ దావర్ అక్కడ తొలి నూలు మిల్లుకు పునాది వేసిన తరువాత కొంకణం నుండి, దక్కను నుండి వేలాది కుటుంబాలు తరలివచ్చాయి. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి కట్టడపు పనులకు వెళ్లిన కామాఠీల పేరుమీదనే కామాఠిపుర వెలసింది. మిల్లుల చుట్టూ చాళ్లు లేచాయి. ఒకే గదిలో ఒక పాళీవారు పనికి పోగా మరొక పాళీవారు నిద్రించేవారు. 1896లో ప్లేగు చెలరేగింది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడి ఇరుకు ఇళ్లను కూల్చింది. నిర్వాసితులు పని విడిచి దూరం పోలేక, పొరుగు వాడలలోనే మరింత కిక్కిరిశారు.

1981లో కాలిబాట నివాసులను తొలగించ పూనుకొన్నప్పుడు ఈ సత్యమే న్యాయస్థానం ముందుకు వచ్చింది. పనికి నడచి పోగల దూరంలో ఉండడమే వారి బ్రతుకు తెరువు. జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఇమిడి ఉన్నదని 1985లో సుప్రీంకోర్టు ప్రకటించింది. కాని కాలిబాటపై నివసించే హక్కు లేదనీ, ముందుగా తెలియజేసి తొలగించవచ్చుననీ అదే తీర్పు చెప్పింది. 1976 లెక్కలలో గుర్తింపు కార్డు పొందినవారికి వాగ్దానం చేసిన ప్రత్యామ్నాయ స్థలాలను ఇవ్వాలని ఆదేశించింది.

అప్పటినుండి ఒక కాగితం, ఒక తేదీ పేదవాని కప్పుకు ఆధారమయ్యాయి. ఉచిత పునరావాసానికి 1995 జనవరి 1 గడువయింది; ఆ పిమ్మట అది 2000 జనవరి 1కి జరిగింది. పనిలో చేర్చుకొనేటప్పుడు ఎప్పుడు వచ్చావని అడగని నగరం, గూడు అడిగినప్పుడు మాత్రం తేదీ అడుగుతుంది.

2020 లాక్‌డౌన్‌లో ఈ లోపం దేశమంతటికీ కనిపించింది. పని ఆగిన నగరంలో ఆకలి ఉంది. రేషను కార్డు ఎక్కడో స్వగ్రామంలో ఉంది. లక్షలాది మంది కాలినడకన బయలుదేరారు. ఏ ఊరి కార్డుతోనైనా మరొక ఊర బియ్యం పొందే ఏర్పాటు 2019లో కొద్ది రాష్ట్రాలలో మొదలై 2022కు అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది.

హక్కు ఊరిని కాక మనిషిని అంటిపెట్టుకొని ఉండగలదని ఆ ఏర్పాటు నిరూపించింది. బియ్యానికి సాధ్యమైనది వసతికి కూడ సాధ్యం కావాలి. పనిచోటుకు చేరువలో, కూలివాడు భరించగల అద్దెకు గదులు కట్టించనంతకాలం ఒక వాడను కూల్చిన చేయి మరొక వాడకు పునాది వేస్తూనే ఉంటుంది.