పద్మసరోవరపు మెట్లమీద

కార్తిక శుద్ధ పంచమినాడు తిరుచానూరు పద్మసరోవరము చుట్టును ఇసుక వేసిన రాలనంత జనము చేరుదురు. అలమేలుమంగమ్మవారి బ్రహ్మోత్సవములకు అది కడపటి దినము. మునుగువారిలో కడుపు పండవలెనని వచ్చినవారును ఉందురు. తడిచీరతో మెట్టుపై కూర్చున్న యొక యిల్లాలితో మేము మాటలాడితిమి. పెండ్లియై ఏడేండ్లు. మందులు, సూదులు, ఉపవాసములు అన్నియు నామెకే. “మీవారిని డాక్టరు చూచినారా, అమ్మా?” యని యడిగితిమి. “ఆయనకేమక్కా, గుండ్రాయివలె నున్నారు” అని నవ్వినది.

ఆ నవ్వు మమ్ము విడువలేదు. గొడ్రాలను మాట మన యిండ్లలో ఎంత తరచుగ వినబడును! దానికి జోడైన పురుషవాచకము మాత్రము ఏ వంటయింటిలోను వినబడదు. సంతులేని జంటలలో ఇంచుమించు సగమందికి పురుషునిలోని లోపము ఒంటరిగనో, భార్య లోపముతో కలిసియో కారణమగుచున్నదని వైద్యులు చెప్పుదురు. దేహదార్ఢ్యమునకును, మగతనమునకును, బీజోత్పత్తికిని ముడివేయరాదు. గుండ్రాయివంటి మనిషికిని బీజములు లేకుండవచ్చును.

సోదరీమణులు సిగ్గుపడక వినవలెను. వృషణములో సేమియావలె చుట్టలు చుట్టుకొన్న సన్నని గొట్టములు వందలకొలది కలవు. ఒక్కొక్క గొట్టమునకు వెలుపలి అంచున కంటికి కనరాని పలుచని పొర యుండును. దానిని ఆధారత్వచ మందురు. లామినిన్, నాలవ రకపు కొల్లాజన్ అను మాంసకృత్తులు అల్లుకొని యిది యేర్పడును. లామినిన్ 1979లో లోకమునకు తెలిసినది. బీజములకు తల్లులైన కణములు ఈ పొరనే పట్టుకొని బ్రదుకును. వానికి కావలసిన ఆహారము దీనిగుండనే వడగట్టబడి వచ్చును. పాలు వడగట్టు గుడ్డను తలంచుకొన్న చాలును.

తల్లి కడుపులో ఏడవ వారము నాటికే మగశిశువు వృషణములో కణములు తీగలవలె కూడుకొనగా, ఈ పొర వానిచుట్టు హద్దు గీయును. ఏడవ నెల మొదలు వృషణములు పొట్టనుండి క్రిందికి దిగును. ఏలయనగా వానికి దేహపు వేడికంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ చల్లదనము కావలెను. దిగక పొట్టలోనో గజ్జలోనో నిలిచినచో బీజకణములు క్రమముగ తరుగును, పొర దళసరియగును. నేతిజిడ్డు పేరిన గుడ్డలో పాలు దిగునా? యౌవనములో వచ్చిన గవదబిళ్లలు వృషణములకు ప్రాకినను, కొన్ని పుట్టు దోషములవలనను ఇట్టి క్షీణతయే కలుగవచ్చును. హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధనాలయమువారు బీజములు లేని భారతీయ పురుషులలో కొందరికి వై క్రోమోజోములోని ముక్కలు లోపించుట 2003లో ప్రకటించిరి. అది భార్య చేసిన పాపమా?

నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి ఇంచుమించు ముగ్గురికి వృషణము దిగియుండదు. పెక్కుమందికి ఆరు మాసములలోపల తనంతట దిగును. పిమ్మట దిగుట అరుదు. “మీసము వచ్చునాటికి అదే దిగును లే” యని మన పెద్దమ్మలు చెప్పు మాట నమ్మదగినది కాదు. చలికి పైకెక్కి మరల దిగునది వేరు. కావున తలంటు పోయునపుడు, వేడినీళ్లలో బిడ్డ సుఖముగ నుండగా, తల్లియే చేతితో తడిమి చూడవచ్చును. ఆరు మాసములకు దిగకున్న శస్త్రవైద్యునకు చూపవలెను. పదునెనిమిది మాసములలోపల చికిత్స ముగియుట మేలు. తిరుపతిలో 1960 నుండి వైద్యకళాశాల యున్నది. 2014లో స్త్రీలకై పద్మావతీ వైద్యకళాశాలయు వెలసినది. దూరమను సాకు ఈ ప్రాంతమువారికి లేదు.

ఇక పెద్దవారి మాట. భార్యకు కత్తి తగులకముందే భర్త వీర్యపరీక్ష జరుగవలెను. అది నొప్పిలేని పని, ఖర్చును స్వల్పము. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. బీజము తయారగుటకు సుమారు డెబ్బదినాలుగు దినములు పట్టును గనుక కొన్ని వారముల పిమ్మట మరల చూతురు. మేము మెట్లమీది సోదరితో ఇంతయు చెప్పితిమి. “అత్తమ్మ ముందర ఈ మాట ఎట్లెత్తేది?” అని యామె చెంగు పిండుకొన్నది. అత్తమ్మను మేము పిలిచి కూర్చుండబెట్టుకొంటిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, తన కుమారునకు చిన్ననాడు ఒకవైపు దిగలేదని మంత్రసాని యన్న మాట జ్ఞప్తికి తెచ్చుకొన్నది.