నెత్తురు చుక్కను దాచుకోవద్దు

ట్రాక్టరు కింద పడ్డ కూలీని చూస్తే కాలు విరిగిందా, చెయ్యి విరిగిందా అని అడుగుతాం. పొత్తికడుపు కింది దెబ్బ సంగతి ఎవరూ అడగరు. పడ్డవాడూ సిగ్గుపడి చెప్పడు. ఆ సిగ్గు ఒక్కోసారి ప్రాణం తీస్తుంది.

మూత్రాశయం, అంటే ఉచ్చతిత్తి, కటి ఎముకల నడుమ వుంటుంది. చక్రం ఎక్కి ఆ ఎముక విరిగితే తిత్తి చిరగవచ్చు. మగవాళ్లకు మూత్రనాళం తెగవచ్చు. బండి నొగ మీద కాళ్లు చెరోవైపు పడేట్టు జారిపడినా నాళం నలుగుతుంది.

తిత్తి నిండుగా వున్నప్పుడు దెబ్బ తగిలితే, ఎముక విరగకపోయినా అది పగలవచ్చు. మిరప కోతలకు ట్రాలీల్లో పోయే ఆడకూలీలను చూడండి. చేలో చాటు వుండదు. పొద్దుగూకేదాకా బిగబట్టుకుని అలాగే ట్రాలీ ఎక్కుతారు. అది బోల్తా పడితే ఏమవుతుంది? దీన్ని తలరాత అందామా?

దెబ్బ తగిలాక ఉచ్చ దారిలో నెత్తురు చుక్క కనబడినా, ఉచ్చ రాకపోయినా, ఎర్రగా వచ్చినా, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పెట్టినా ఆలస్యం చేయవద్దు. నీళ్లు తాగించి ముక్కమనకండి. ఊళ్లో గొట్టం వేయించకండి. సగం తెగిన నాళం పూర్తిగా తెగిపోవచ్చు. మనిషిని కదిలించకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. సర్జను వున్న ఆసుపత్రికే చేర్చండి.

అక్కడ మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి గాయం ఎక్కడుందో చూస్తారు. ఉచ్చ కడుపులోకి కారుతుంటే వెంటనే ఆపరేషను చేయాలి. లేకుంటే చాలా గాయాలు గొట్టంతోనే రెండు మూడు వారాల్లో మానుతాయి. నాళం తెగితే పొత్తికడుపు నుంచి గొట్టం వేసి, సాధారణంగా మూడు నెలల తర్వాత బాగుచేస్తారు. నెలలు గడిచాక ధార సన్నబడినా మళ్లీ డాక్టరు దగ్గరికి పోవాలి.

అన్ని నెలలు కూలి లేని ఇల్లు ఎలా గడవాలి? "గట్టు మీంచి పడ్డానని చెప్పు" అనే ఆసామి మాట వినకండి. పనిలో తగిలిన దెబ్బ అని ఆసుపత్రిలో రాయించండి. 1923 నాటి నష్టపరిహార చట్టం జాబితాలోనే ట్రాక్టరు సేద్యం కూలీ వున్నాడు. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ లోనూ వున్నాడు. పరిహారం ఎవరూ దయతో పడేసేది కాదు, మన హక్కు.

చేల దగ్గర ఆడవాళ్లకు చాటు కావాలి. ట్రాలీల్లో మనుషులను కుక్కడం ఆగాలి. కూలిరేటుతో పాటు ఈ రెండూ అడుగుదాం.