పందేలు మానిన గ్రేహౌండ్‌కు చిన్న కుక్కతో స్నేహం ఎలా కుదురుతుంది?

బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా దేశాలలో పరుగు పందేల నుంచి విరమించిన గ్రేహౌండ్ కుక్కలను ఇళ్లలో పెంచుకోవడం మామూలే కాని, ఆ ఇంట్లో అప్పటికే ఒక చిన్న కుక్క ఉంటే ఆ రెంటి పరిచయానికి ఎంతో ఓపిక కావాలి. ఎందుకు? గ్రేహౌండ్ వాసన కంటే చూపునే ఎక్కువగా నమ్మి వేటాడే జాతి. గంటకు 60 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తగల ఈ కుక్క, పందెపు బాటలో యంత్రం లాక్కుపోయే కృత్రిమ కుందేలును తరమడానికే శిక్షణ పొందుతుంది. పైగా ఎక్కువగా తన జాతి కుక్కల నడుమనే పెరగడం వల్ల, కీచుమని అరుస్తూ పరుగెత్తే బొచ్చు పొమరేనియన్ కూడా కుక్కేనని దానికి వెంటనే తోచకపోవచ్చు. అలాంటి దాన్ని తరమబోవడం దుర్మార్గం కాదు, తరతరాలుగా మనుషులే ఎంచి పెంచిన గుణం.

మొదటి కలయిక ఇంట్లో కాక, రెంటికీ కొత్తదైన బయటి చోట జరగాలి. గ్రేహౌండ్ మూతికి చిక్కం, అంటే కరవనీయకుండానే రొప్పడానికీ నీళ్లు తాగడానికీ వీలిచ్చే బుట్టలాంటి తొడుగు, తగిలించి, ఇద్దరు పెద్దవాళ్లు చెరొక కుక్కను పట్టీతో పట్టుకొని, ఎడంగా ఒకే దిక్కుకు నడిపిస్తూ, అవి నెమ్మదించాకనే క్రమంగా దగ్గరికి చేర్చాలి. గ్రేహౌండ్ ఒళ్లు బిగబట్టి, చెవులు నిక్కించి, పిలిచినా తల తిప్పక రెప్ప వేయకుండా చూస్తే, అది వేటచూపు కాబట్టి వెంటనే దూరం పెంచాలి. స్నేహం కుదిరినట్లు కనిపించినా, పెద్దలెవరూ లేనప్పుడు వాటిని వేర్వేరు గదులలో ఉంచాలి. తిండి కూడా విడివిడిగానే పెట్టాలి. ఆరుబయట పరుగు మొదలైతే ఇంటి మచ్చిక మరుగున పడవచ్చు కనుక, అక్కడ చిక్కం చాలాకాలం కొనసాగాలి.