పై నంబరు ఎందుకు పెరుగుతుంది?

మా ఇంట్లో బీపీ మిషను ఉందని గల్లీలో అందరికీ తెలుసు. ఆర్మూర్ బడిలో చాలాకాలం జీవశాస్త్రం చెప్పాను గనక ఆ నంబర్ల అర్థం కూడా నన్నే అడుగుతారు. పసుపు తవ్వే రోజుల్లో వచ్చే పెద్దమనుషులకు గోళ్ల సందుల్లో పచ్చదనం ఇంకా పోయి ఉండదు. పట్టీ బిగించి చూస్తే చాలామందిలో ఒకటే తీరు: పైది 160 దాటి ఉంటుంది, కిందిది 70 దగ్గర ఉంటుంది. "కిందిది మంచిగనే ఉంది గద సారూ, ఇంకేం భయం?" అంటారు.

భయం ఆ తేడాలోనే ఉంది. గుండె రక్తాన్ని తోసిన ప్రతిసారీ బృహద్ధమని సాగి, మళ్లీ ముడుచుకుంటూ ఆ తాకిడిని తగ్గించాలి. సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ పోగులు చాలావరకు చిన్నతనంలోనే తయారవుతాయి. వయసు పైబడేకొద్దీ అవి తెగిపోతాయి, గట్టి కొల్లాజెన్, కాల్షియం వచ్చి చేరతాయి. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉన్న డ్రిప్పు పైపు ఎట్లా బిర్రబిగుస్తుందో ధమని కూడా అట్లా అవుతుంది. అప్పుడు పై నంబరు ఎగబాకుతుంది, కిందిది దిగుతుంది. గుండెకు శ్రమ పెరుగుతుంది. మెదడులో, కిడ్నీల్లో ఉండే సన్నటి నాళాలు ఆ దెబ్బంతా కాయాలి.

"పొద్దుగూకే దాక చేన్లనే ఉంటం, మాకు మళ్ల వాకింగ్ ఎందుకు?" అని మావాళ్ల వాదన. వాళ్ల నాయనల కాలానికి అది నిజమే. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, పసుపు కొమ్ములు ఉడికేది ఆవిరి బాయిలరులో, పాలిష్ పట్టేది మోటారు డ్రమ్ము. చేను గట్టు దాకా బండి మీదే పోతున్నాం. మిగిలింది వంగడం, ఎత్తడం. ఊపిరి బిగబట్టి బస్తా ఎత్తితే ఆ క్షణానికి బీపీ ఎగిరిపడుతుంది, అంతే.

ధమనికి కావలసింది ఆగకుండా, ఊపిరి కాస్త వేగంగా ఆడేలా సాగే పని. అట్లా నడిచినప్పుడు రక్తం జోరుగా పారుతూ నాళాల లోపలి పొరను ఒరుసుకుంటుంది. ఆ పొరలోని కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి, గోడల్లోని కండరం వదులవుతుంది. ఈ వాయువు రక్తనాళాలకు సంకేతమని తేల్చినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది.

2000లో అమెరికాలోని కొలరాడోలో తనాకా, సీల్స్ బృందం వ్యాయామం అలవాటు లేని నడివయసు, పెద్దవయసు మగవాళ్ల చేత మూడు నెలలు ముఖ్యంగా నడకే చేయించింది. వాళ్ల బరువు తగ్గలేదు, బీపీ నంబరూ మారలేదు. అయినా మెడలోని కెరోటిడ్ ధమని సాగే గుణం పెరిగింది. నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చే విషయం ఇదే. తూకం మీద, మిషను మీద ఏమీ కనిపించకపోయినా లోపల మేలు జరుగుతూ ఉండవచ్చు.

ముట్లుడిగిన ఆడవాళ్లలో ఫలితాలు అన్ని పరిశోధనల్లో ఇంత స్పష్టంగా లేవు. 2012లో వెలువడిన ఒక చిన్న జపాన్ అధ్యయనంలో మాత్రం మేలు కనిపించింది. ఎనిమిది వారాలు వ్యాయామం చేసిన మహిళల్లోనూ, పసుపులోని కర్క్యుమిన్ తీసుకున్న మహిళల్లోనూ రక్తనాళాల పనితీరు దాదాపు సమానంగా మెరుగుపడింది. పసుపు పండించే ఊరివాణ్ని, నాకు సంతోషం కాకుండా ఎట్లా ఉంటుంది? కానీ వాళ్లు వాడింది ఒంటికి బాగా పట్టేలా ప్రత్యేకంగా తయారుచేసిన కర్క్యుమిన్. మామూలు పసుపులో అది కొద్ది శాతమే, అందులోనూ ఒంటికి పట్టేది చాలా తక్కువ. పసుపు పాలు తాగండి, మంచిదే. నడక మాత్రం మానకండి.

65 ఏళ్లు దాటినవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట, వారంలో ఐదు రోజులు నడిస్తే 150 అయినట్టే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, వేగం అంత ఉంటే చాలు. మొదట పది నిమిషాలతో మొదలుపెట్టండి. మోకాళ్లు నొస్తే మా ఊరి సిద్ధులగుట్ట మెట్ల జోలికి పోకుండా బడి గ్రౌండులో తిరగండి. షుగరున్నవాళ్లు చెప్పులు లేకుండా నడవొద్దు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, నడిస్తే ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చేవాళ్లు ముందు డాక్టరును కలవాలి. బీపీ గోళీలు మీ అంతట మీరు ఆపొద్దు.

నడక మానేస్తే వచ్చిన మేలు కూడా పోతుంది. కాబట్టి పసుపు మార్కెట్ యార్డుకు చేరిందాకా ఆగుదామనుకోకండి, తవ్వకాల రోజుల్లోనూ ఆ అరగంట తీసిపెట్టుకోండి.