బస్తర్ బొంతకు నూలు కరువు

పాత చీరలతో ఇంట్లో కుట్టుకునే కథరి ఏ లెక్కల్లోనూ కనిపించదు. ఇప్పుడు దాన్ని కుట్టడానికి పాత నూలు చీరే దొరకడం లేదు.

ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి అడవుల్లోకి వెళ్లాడని, వెంట వచ్చిన దంతేశ్వరి అమ్మవారు అక్కడ తన వస్త్రాన్ని పరిచిందని, అది పరుచుకున్నంత మేరా అతని రాజ్యమైందని బస్తర్‌లో చెప్పుకుంటారు. వస్త్రం అన్న మాటే బస్తర్ అయిందట. వెదురు నీడ అని అర్థమొచ్చే మాట నుంచి ఆ పేరు వచ్చిందనే వాదనా ఉంది. ఏది నిజమైనా, ఒకప్పుడు కేరళ కంటే పెద్ద జిల్లాగా ఉండి, ఇప్పుడు ఏడు జిల్లాలుగా విడిపోయిన ఈ ప్రాంతంలో బట్ట అనేది చాలాకాలం తేలిగ్గా దొరికే వస్తువు కాదు. దొరికినదాన్ని చిరిగాక కూడా పారేయలేదు. దాంతో బొంత కుట్టారు.

ఛత్తీస్‌గఢ్‌లో దాని పేరు కథరి. సంస్కృతంలోని కంథ, బెంగాల్‌లోని కాంథా దీనికి చుట్టాలు. తెలుగు వినిపించే కోంటా, భోపాలపట్నం వైపు వస్తే అదే బొంత. పేరు ఏదైనా పని ఒకటే. ఇంట్లో కట్టి విడిచిన చీరలు, ధోవతులు, తువ్వాళ్లు మూటగట్టి దాస్తారు. ఒక బొంతకు సరిపడా పోగుపడటానికి ఒక్కోసారి రెండు మూడేళ్లు పడుతుంది. పొలం పని లేని రోజుల్లో, వంట ముగిసిన మధ్యాహ్నం వేళ, పేడతో అలికిన వాకిట్లో మూట విప్పుతారు.

చూడటానికి తేలికగానే ఉంటుంది గానీ బొంత కుట్టడానికి ఒక లెక్క ఉంది. అన్నిటికంటే గట్టిగా ఉన్న చీర అడుగున, చూడటానికి బాగున్నది పైన వేస్తారు. చిరుగులు, చిల్లులు ఉన్న ముక్కలన్నీ మధ్యలోకి పోతాయి. ఒక పొర చిరుగు పక్క పొర చిరుగు మీదికి రాకుండా పరచడంలోనే నేర్పు ఉంది. రెండు చిరుగులు ఒకే చోట పడితే ఆరు నెలల్లో అక్కడ గుంట పడుతుంది. నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేసి, ముందు దూరం దూరంగా టాకాలు వేస్తారు. ఆ తర్వాత దబ్బనం పట్టుకుని అంచు నుంచి లోపలికి రన్నింగ్ కుట్టు వేస్తూ వస్తారు. మధ్య నుంచి మొదలుపెట్టేవారూ ఉన్నారు. ఒక్కరే కుట్టడం అరుదు. ఇద్దరు ముగ్గురు చెరో వైపు కూర్చుంటే పని త్వరగా సాగుతుంది. కోడలి కుట్టు ఎడంగా ఉందో దగ్గరగా ఉందో అత్త కళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అది తర్వాత చాలాకాలం మాటల్లో వస్తూనే ఉంటుంది.

దారం కొనేది కూడా తక్కువే. పాత చీర అంచు నుంచి రంగు పోగులు లాగి పేనుకుంటే సరిపోతుంది. పువ్వులు, బొమ్మలు ఏమీ ఉండవు. బెంగాల్ కాంథాలో కనిపించే తామరలు, ఏనుగులు ఇక్కడ వెతకడం వృథా. వరసగా సాగే కుట్లు, చీరల రంగులు కలిసిన తీరు, ఎక్కడో తప్పనిసరై వేసిన మాసిక, బస్తర్ బొంత అందమంతా అంతే. అలంకారం కోసం కుట్టినది కాదు కాబట్టి అది అలంకారంగా కనిపించాల్సిన అవసరమూ దానికి లేదు.

ఒక బొంతకు చాలా జన్మలుంటాయి. కొత్తగా కుట్టినప్పుడు కప్పుకుంటారు. పలచబడ్డాక పరుచుకుంటారు. ఇంకా మెత్తబడ్డాక చించి, చిన్న ముక్క చంటిపిల్ల కింద వేస్తారు. ఎన్నో ఉతుకులు చూసిన నూలు కంటే మెత్తనిది పసిబిడ్డ ఒంటికి మరొకటి లేదని ప్రతి అమ్మమ్మకూ తెలుసు. చివరికి పూర్తిగా శిథిలమైన బొంత కొత్త బొంత కడుపులోకి పొరగా వెళ్లిపోతుంది. అలా కొన్ని ఇళ్లలో ఒకే బొంత లోపల మూడు తరాల చీరలు ఉంటాయి. కథరి కప్పుకుని లోపల నెయ్యి తినేవాడని ఉన్నా లేనట్టు నటించేవాడిని ఛత్తీస్‌గఢ్‌లో ఎద్దేవా చేస్తారు. బొంత పేదరికానికి గుర్తు అన్న భావన ఆ సామెతలోనే ఉంది. తెలుగు పత్రికలు సంకీర్ణ ప్రభుత్వాలను వెక్కిరించడానికి వాడే 'అతుకుల బొంత' కూడా ఆ కోవలోదే. బొంతకు అతుకు బలహీనత కాదని, అతుకే దాని బలమని తెలిసినవారు ఆ మాటను అలా వాడరు.

అయితే బస్తర్‌లో బొంత అనాదిగా అన్ని ఇళ్లలోనూ ఉందని అనుకోవడం పొరపాటు. బస్తర్ సంస్థానంలో అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేసి, ఆ తర్వాత నిజాం కొలువులోనూ ఉన్న డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ 1938లో మారియా గోండుల మీద, వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల మీద ప్రచురించిన పుస్తకాల్లో కనిపించే జనం ఒంటి మీద బట్ట చాలా తక్కువ. కొండల్లో చలి రాత్రులకు మంటే దుప్పటి. దాని చుట్టూ చాపలు వేసుకుని పడుకునేవారు. బట్ట ఎక్కువగా అందుబాటులో ఉన్న మైదాన గ్రామాల్లోనే బొంత నిలదొక్కుకుంది. అంటే బొంత చరిత్ర నేతగాడి చరిత్రతో ముడిపడినదే.

ఆ నేతగాళ్లు ఆదివాసులు కారు. వారి పక్కనే బతికిన పంకా, మహరా కులాలవారు. పంకాల్లో చాలామంది కబీర్‌పంథీలు. నీళ్లలో తామరాకు మీద దొరికిన శిశువు కబీరు గనుక, పానీ అన్న మాట నుంచే తమ కులం పేరు వచ్చిందని చెప్పుకుంటారు. కబీరూ నేతగాడే కదా. మహరాల సంగతి మరోలా ఉంది. వారి పేరును హిందీలో, ఇంగ్లిష్‌లో రాసే తీరులో ఉన్న తేడా వల్ల ఎస్సీ ధ్రువపత్రాలకు దశాబ్దాలుగా ఇబ్బంది పడ్డారు. 2023లో పార్లమెంటు చట్టం సవరించి మహరా, మహ్రా పేర్లను ఛత్తీస్‌గఢ్ ఎస్సీ జాబితాలో చేర్చింది. వీళ్లు నేసిన ముతక తెల్ల నూలు బట్టను పాటా అంటారు. దానికి అంచుల్లో, చెంగులో ముదురు ఎరుపు వస్తుంది. ఆ ఎరుపు తొగరు చెట్టు వేళ్ల నుంచి తీసింది. అక్కడ దాన్ని ఆల్ అంటారు. వేరు బెరడును పొడిగొట్టి, నూలుకు ఆముదం, పేడ, బూడిద నీళ్లు పట్టిస్తూ, ఆరబెడుతూ వారాల తరబడి చేస్తే గానీ రంగు నిలవదు. నిలిచిందంటే బట్ట చిరుగుతుంది గానీ రంగు పోదు. ఆ చీర ఏళ్ల తరబడి కట్టి, మెత్తబడి, ఒకనాటికి బొంతలో చేరేది. నేతగాడికి ఆ ఇంటితో ఉన్న సంబంధం చీర అమ్మడంతో ముగిసేది కాదన్నమాట.

ఈ గొలుసు ఎక్కడ తెగిందో వారపు సంతలో చూస్తే తెలుస్తుంది. నేల మీద పరిచిన టార్పాలిన్లపై మెరిసే చీరలన్నీ పాలిస్టర్. కొనేవారిని తప్పు పట్టలేం. ధర తక్కువ, రంగు పోదు, వాగులో ముంచి పొదమీద ఆరేస్తే గంటలో ఆరిపోతుంది. వానాకాలంలో అదేమీ చిన్న సౌకర్యం కాదు. దీని వెనుక ప్రభుత్వ విధానమూ ఉంది. 1985 జూన్‌లో కేంద్రం ప్రకటించిన జౌళి విధానం నూలుకు ఉన్న పెద్దపీటను తగ్గించి, కృత్రిమ దారాలకూ సమాన స్థానం ఇచ్చింది. పేదవాడి బట్ట ఇక పాలిస్టర్ అన్నది అప్పటి నుంచే ఖాయమైంది. చేనేతకు కొన్ని రకాలను రిజర్వు చేసిన చట్టం కూడా అదే ఏడాది రావడం ఒక విచిత్రం. తెలుగు నేలపైనా ఇదే వరస. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన బతుకమ్మ చీరలకు సిరిసిల్ల మరమగ్గాలపై నేసింది పాలిస్టరే. మగ్గాలకు పని దొరికింది, నిజమే. ఆ చీరలతో మాత్రం బొంత కుదరదు.

ఎందుకు కుదరదో కుట్టేవారికి బాగా తెలుసు. పాలిస్టర్ పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. ఎంత దగ్గరగా కుట్టినా నాలుగు ఉతుకులకు లోపలి పొర ఒక మూలకు ఉండచుట్టుకుంటుంది. చెమట పీల్చదు. పాతబడినా మెత్తబడదు కాబట్టి పసిబిడ్డకు పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం నిప్పు. పొయ్యికో, నెగడుకో దగ్గరగా పడుకునే ఇళ్లలో నూలు బొంత మీద రవ్వ పడితే రంధ్రం పడుతుంది, మర్నాడు మాసిక వేస్తారు. పాలిస్టర్ మీద పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. అందుకే చాలా ఇళ్లలో ఇప్పుడు రెంటినీ కలిపి సర్దుకుంటున్నారు. ఒంటికి తగిలే వైపు ఉన్న కాస్త నూలూ, మిగతా పొరలకు ఏది దొరికితే అదీ వేస్తున్నారు.

మరి నేతగాళ్లేమయ్యారు? జగదల్‌పూర్ నుంచి ఒడిశా సరిహద్దు దాటి కొద్ది దూరం వెళితే కోరాపుట్ జిల్లాలోని కోట్‌పాడ్ వస్తుంది. తొగరు రంగు నేత బాగా నిలిచింది అక్కడే. 2005లో కోట్‌పాడ్ బట్టకు భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి నేతగాడు గోవర్ధన్ పానికాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. పీత, చేప, గొడ్డలి బొమ్మలున్న ఆ చీరలు ఢిల్లీ ఎగ్జిబిషన్లలో వేల రూపాయలు పలుకుతాయి. కళ బతికింది. కానీ అది ఎవరి కోసం పుట్టిందో ఆ ఆదివాసీ మహిళ దాన్ని కొనలేదు. నగరంలో అల్మరాలో మడతపెట్టిన కోట్‌పాడ్ చీర ఎప్పటికీ బొంత కాదు. మార్కెట్ నేతను కాపాడిన తీరులోనే బొంతకు ముడిసరుకు లేకుండా పోయింది.

బొంతకూ అలాంటి గుర్తింపు తేవాలనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. బస్తర్ ఢోక్రా బొమ్మలకు, ఇనుప కళకు, చెక్క పనికి భౌగోళిక గుర్తింపు ఇప్పటికే ఉంది. బెంగాల్ నక్షీ కాంథాకూ ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లెలో బానిసల సంతతికి చెందిన నల్లజాతి మహిళలు పాత పని బట్టలతో కుట్టిన బొంతలు 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో వాటి మీద తపాలా బిళ్లలూ వచ్చాయి. అవి కూడా చలికి కప్పుకోవడానికి కుట్టినవే. బస్తర్ బొంతకు అలాంటి అదృష్టం పడితే కుట్టేవారి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, అందులో సందేహం లేదు. అయితే అమ్మకానికి కుట్టే బొంతకు కొత్త గుడ్డ కావాలి, కొలతలు కావాలి, రంగులు కలవాలి. ఆర్డరు పూర్తయ్యాక అదే ఇంట్లో పిల్లలు ఏం కప్పుకుంటారనేది ఆ పథకంలో ఉండదు. కోట్‌పాడ్ అనుభవం చూశాక ఈ అనుమానం అన్యాయమేమీ కాదు.

ఇక ప్రభుత్వ లెక్కల సంగతి. జాతీయ నమూనా సర్వేల్లో ప్రతి మనిషి చేసే పనికీ ఒక కోడ్ ఉంటుంది. ఇంటి పని మాత్రమే చేసేవారిది 92. ఇంటి పనితోపాటు కట్టెలు ఏరడం, ఇంటి కోసం కుట్టుపని, నేత వంటివి చేసేవారిది 93. ఈ రెండు కోడ్‌ల వాళ్లూ శ్రామిక శక్తి కిందికి రారు. అడవి నుంచి కట్టెలు తెచ్చి, ఇప్పపూలు ఏరి, చలికాలానికి ఇంటిల్లిపాదికీ బొంతలు కుట్టే మనిషిని కోడ్ 93 కింద రాస్తే ఆమె పనిచేయనట్టే. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పనుల్లో పాల్గొనే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తుంటే, అలా పాల్గొనే మగవారు 88 నిమిషాలతో సరిపెడుతున్నారు.

లెక్కలో లేని వస్తువు పోయినా లెక్కలోకి రాదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్లు తగలబడ్డాయి. కొందరు దోర్నాపాల్, ఎర్రబోరు వంటి శిబిరాలకు చేరారు. వేలమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీం కోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. గుడిసె కాలితే నెల రోజుల్లో కర్ర, మట్టి తెచ్చి మళ్లీ నిలబెట్టుకోవచ్చు. ధాన్యం పోతే మరో పంట వరకు కూలి చేసుకోవచ్చు. బొంత కాలితే మాత్రం దానికి కావలసిన పాత బట్ట పోగుపడాలంటే ముందు కొత్త బట్టలు కొనాలి, ఏళ్ల తరబడి కట్టాలి. వలస వచ్చిన కుటుంబం చలికాలాన్ని మళ్లీ నెగడుతోనే మొదలుపెట్టాల్సి వస్తుంది.

దబ్బనం పట్టిన చేతులకు ఇప్పుడు వేరే పనీ దొరుకుతోంది. దంతెవాడ జిల్లా గీదం దగ్గర 2021 జనవరిలో ప్రారంభమైన రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలో స్థానిక మహిళలు కుట్టు మిషన్ల ముందు కూర్చున్నారు. 'డానెక్స్' బ్రాండు పేరుతో చొక్కాలు కుట్టారు. అక్కడ కుట్టుకు కూలి ఉంది, కోడ్ 93 బాధ లేదు. నెల జీతం చేతికొస్తే బొంత కోసం మూడేళ్లు బట్ట దాచాల్సిన పని కూడా లేదు, సంతలో కంబళి దొరుకుతుంది.

దేశమంతటా సంతల్లో కుప్పలు పోసి అమ్మే చవక కంబళ్లలో చాలావాటి పుట్టిల్లు హర్యానాలోని పానిపట్. యూరప్, అమెరికాల్లో జనం విడిచిన ఉన్ని కోట్లు, స్వెటర్లు ఓడల్లో కాండ్లాకు దిగి, పానిపట్ చేరి, గుండీలు ఊడదీయించుకుని, ముక్కలై, మళ్లీ దారమై అక్కడ కంబళ్లవుతాయి. ఇటీవల వాటి స్థానాన్నీ పాలిస్టర్ మింక్ కంబళి ఆక్రమిస్తోంది. ఎవరో విడిచిన బట్టతోనే తయారైన ఆ కంబళి ఉతికితే రెండు మూడేళ్లు వస్తుంది. చిరిగాక దాన్ని దేంట్లోనూ పొరగా వేయలేరు.