స్థానంవారి సత్యభామ: చూచినవారి జ్ఞాపకము

శిల్పి పోయినను శిల్పము నిలుచును. కవి పోయినను కావ్యము నిలుచును. మరి నటుడు పోయిన పిదప నిలుచునదేమి? తెర దిగినది, దీపములు ఆరినవి, ముఖమునకు పూసిన రంగు కొబ్బరినూనెతో తుడిచివేయబడినది. తెల్లవారునప్పటికి పందిరిక్రింద నలిగిన చాపలును, వేరుసెనగ పొట్టును తప్ప మరేమియు మిగులలేదు. ఆ రాత్రి ఆ రంగస్థలముపై మహత్తరమైనదేదో జరిగినదనుటకు సాక్ష్యము ఒక్కటే: ఇంటికి నడచిపోవుచున్న ప్రేక్షకుని మనస్సు.

తెలుగువారి పద్యనాటక చరిత్రలో చాల భాగము ఈ సాక్ష్యముమీదనే ఆధారపడి యున్నది. నాటకములు అచ్చుపడినవి, చదువుకొనవచ్చును. నటుల ఛాయాచిత్రములు కొన్ని దొరకును. కాని ఆ పద్యము ఆ నోట ఎట్లు పలికినదో, ఆ పాటకు ఆ కన్నులు ఎట్లు కదలినవో తెలియవలెనన్నచో, చూచినవారిని అడుగవలసినదే. అట్లు అడిగినప్పుడు కోస్తా జిల్లాల వృద్ధులు ఒక తరముపాటు ముందుగా చెప్పిన మాట యొకటి కలదు: “మేము స్థానంవారి సత్యభామను చూచినాము.” ఆ మాట చెప్పునప్పుడు వారి కంఠములో, కాశీయాత్ర చేసివచ్చినవారి కంఠములో వినవచ్చు తృప్తి వినవచ్చుచుండెను.

స్థానం నరసింహారావుగారు 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించిరి. వారు రంగస్థలమెక్కుట యాదృచ్ఛికము. 1920 ప్రాంతమున బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ఆడవలసియుండగా చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు తీర్చుటకు ఈ యువకుడు చీర కట్టెను. ఒక్క రాత్రికని కట్టిన ఆ చీరను ఆయన దశాబ్దముల తరబడి విడువలేదు. తరువాత తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరి చిత్రాంగి, దేవదేవి, చింతామణి, రోషనార మున్నగు పాత్రలను ధరించిరి. 1956లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. 1971 ఫిబ్రవరి 21వ తేదీన వారు దివంగతులైరి. ఇన్ని పాత్రలలోను ప్రేక్షకులు గుండెలో దాచుకొన్నది ముత్తరాజు సుబ్బారావుగారి ‘శ్రీకృష్ణ తులాభారము’ నందలి సత్యభామను.

ఈ పాత్రయే ఎందుకు? కారణము కొంత నటునియందును, కొంత ప్రేక్షకునియందును కలదు. సత్యభామ తెలుగువానికి కొత్త మనిషి కాదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’లో ఆమె అలిగినది, అలుక తీర్చ వచ్చిన భర్త శిరస్సును వామపాదముతో త్రోసినది. కూచిపూడివారి భామాకలాపములో ఆమె తెర మీదుగా జడ వేసి తన గొప్పతనమును చాటుకొన్నది. కూచిపూడిలో ఆ వేషము తరతరములుగా పురుషులే కట్టిరి. కావున స్థానంవారు సత్యభామగా ప్రవేశించునప్పటికే ప్రేక్షకుని మనస్సులో ఒక సత్యభామ కూర్చుండియున్నది. నటుడు పోటీపడవలసినది మరియొక నటునితో కాదు, ఆ ఊహతో. ఆ పోటీలో ఆయన నెగ్గెననియే చూచినవారి తీర్పు.

కథ అందరికిని తెలిసినదే. నారదుని మాటలు నమ్మి సత్యభామ వ్రతము పూని, శ్రీకృష్ణుని ఆ మునికే దానమిచ్చును. తిరిగి పొందవలెనన్నచో ఆయన యెత్తు ధనము తూచి యీయవలెను. నగలన్నియు త్రాసులో పోసినను త్రాసు కదలదు. చివరకు రుక్మిణి భక్తితో ఉంచిన తులసీదళమునకు శ్రీకృష్ణుడు తూగును. చిన్నపిల్లవానికి సైతము ముగింపు తెలిసిన ఈ కథను చూచుటకు జనము ఎడ్లబండ్లు కట్టుకొని పొరుగూళ్లనుండి వచ్చి, రాత్రి యంతయు మేలుకొని కూర్చుండిరి. వారు వచ్చినది ఏమి జరుగునో తెలిసికొనుటకు కాదు, ఎట్లు జరుగునో చూచుటకు.

అప్పటి నాటకశాల యెట్టిదో నేటి విద్యార్థి ఊహించుకొనుట అవసరము. పట్టణములలో కొన్ని హాళ్లుండెను గాని, పల్లెలలో తాటాకు పందిరియే నాటకశాల. పెట్రోమాక్సు దీపముల వెలుగే వెలుగు. మైకులు రాని రోజులలో చివరి వరుస వరకు వినిపించు కంఠము లేనివాడు నటుడే కాడు. ప్రక్కన హార్మోనియము శ్రుతి పట్టగా నటుడు రాగమెత్తి పద్యము పాడును. పద్యము ముగిసిన తరువాతను రాగమును సాగదీయును. మెచ్చిన జనము “వన్స్‌మోర్” అని కేకలు వేయును. కాంట్రాక్టరులు పేరుపొందిన నటులను వేర్వేరు ఊళ్లనుండి రప్పించి ఒక్క రాత్రికి కూర్చి ఆడించు కాంట్రాక్టు నాటకములలో ఈ ధోరణి మితిమీరినది. కాటి సన్నివేశములో దుఃఖించుచున్న పాత్రచేతను పద్యము మరల పాడించుట, చచ్చి పడియున్న పాత్రను లేపి పాడించుట వంటి హాస్యకథలు నేటికిని చెప్పుకొందురు.

1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు నాటకము ఆడించినది మొదలు తెలుగు నాటకమునకు ఈ సంగీతపు తగవు వెన్నంటియే యున్నది. ఆ దశాబ్దముననే బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు పాటలతో, పద్యములతో నాటకములు వ్రాసి ఆడింప, జనము వాటిని నెత్తిన పెట్టుకొనిరి. అదే బళ్లారికి చెందిన రాఘవగారు (1880–1946) మాత్రము నాటకములో పాటల ఆర్భాటమును నిరసించిరి. పాత్ర దుఃఖించుచున్నప్పుడు నటుడు గాత్రకచేరి చేయుట ఆయనకు అసహ్యము. అంతేకాక, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని ఆయన గట్టిగా వాదించిరి. విద్యావతులైన స్త్రీలను ప్రోత్సహించి తనతోపాటు రంగస్థలమెక్కించిరి.

రాఘవగారి వాదము న్యాయమైనది. కాలము కూడ ఆ వాదమునే నెగ్గించినది. అయినను ఆ రెండు ఆక్షేపణలకును స్థానంవారి సత్యభామయే ఎదురుగా నిలిచిన ఉదాహరణము. పురుషుడు స్త్రీ వేషము కట్టెను. నాటకములో పాట పాడెను. ఐనను చూచినవారికి అది వేషమనియు తోచలేదు, కచేరి యనియు తోచలేదు. ఇది యెట్లు సాధ్యమైనది?

సమాధానము ఆ నాటకములో ఆయన పాడిన ఒక్క పాటలో దొరకును. శ్రీకృష్ణుడు తన యాజ్ఞను దాటలేడను సత్యభామ ధీమాను చూపు ఆ పాటను నాటకకర్త వ్రాయలేదు, స్థానంవారే రచించుకొనిరి. ఆ సన్నివేశములో ఆ స్త్రీ మనస్సు తెలుపుటకు ఒక పాట కావలెనని నటునికి తోచినది. అనగా పాట తన గాత్రమును చూపుటకు పుట్టినది కాదు, పాత్ర యొక్క గర్వమునుండి పుట్టినది. పల్లవిని ఆయన పలుమారులు పాడుచుండిరనియు, ఏ మారునకు ఆ మారు అర్థము మారుచుండెననియు చూచినవారు చెప్పిరి. ఒకమారు భర్తపై చనువు. ఒకమారు సవతులపై చిన్నచూపు. ఒకమారు అద్దములో తన్ను తాను చూచుకొన్న మురిపెము. మాటలు అవియే, రాగము అదియే. మారినవి కన్నులు, కనుబొమలు, మెడ వంపు. కనుకనే ఆ పాటకు “వన్స్‌మోర్” పడినను పాత్ర చెడలేదు. మరల పాడినప్పుడు సత్యభామ గర్వము మరియొక మెట్టు ఎక్కినది. కథలో ఆమె ఎంత యెత్తునకు ఎక్కిన, త్రాసు కదలనప్పుడు అంత లోతునకు పడవలెను గదా!

అట్టి సత్యభామకు ఎదుట శ్రీకృష్ణుడుగా నిలుచుట సామాన్యము కాదు. ఈలపాట రఘురామయ్యగారు ఆ పాత్రలో ఆయనకు జోడుగా నిలిచిరి. పద్యము పాడుచు మధ్యలో వ్రేలు నోటనుంచి ఈలతోనే రాగమాలపించు రఘురామయ్యగారు ఒకవైపు, కనుసన్నలతో సభను కట్టివేయు స్థానంవారు మరియొకవైపు. ఒకరు చెవులను, మరియొకరు కన్నులను అపహరింపగా, ప్రేక్షకుడు తన్ను తాను మరచుటలో ఆశ్చర్యమేమి!

చూచినవారి జ్ఞాపకములు అన్నియు ఒక తీరుగా లేవు. పురుషులు పాటను తలచుకొనిరి. స్త్రీలు చీరకట్టును, కొప్పు ముడిని, నగల అమరికను తలచుకొనిరి. ఒక పురుషుని చూచి అలంకరణము నేర్చుకొంటిమని నవ్వుచు చెప్పుకొనిరి. తండ్రి భుజముపై కూర్చుండి చూచిన పిల్లలకు పెద్ద త్రాసు మాత్రమే గుర్తున్నది. కొందరు వేషము తీసిన పిదప ఆయనను చూచి, ఈ సామాన్యుడేనా రాత్రి సత్యభామ యని విస్తుపోయిరట. ఏ సంవత్సరమున చూచితిరని అడుగగా చెప్పలేనివారు సైతము, ఏ ఊరిలో చూచితిరి, ఎవరితో పోయితిరి, ఆ రాత్రి చలియా, వెన్నెలయా అని అడుగగా తడబడక చెప్పగలిగిరి.

ఇట్టి జ్ఞాపకములను చరిత్ర యనవచ్చునా? జ్ఞాపకము పెంచి చెప్పును. రెండు రాత్రులను కలిపి ఒక్క రాత్రిగా చేయును. తాను చూడని దానిని విని, చూచినట్లే నమ్మును. తేదీలకు, లెక్కలకు దానిని నమ్ముకొనరాదు. కాని నటుని కళలో తేదీలకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు: ఆ కళ మనుష్యుని ఏమి చేసినది? ఆ ప్రశ్నకు ప్రేక్షకుని జ్ఞాపకముకంటె నమ్మదగిన పత్రము లేదు. ఒకరి నొకరు ఎరుగని వారు, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు సంవత్సరములలో చూచినవారు ఒక్క మాట చెప్పినప్పుడు ఆ మాటను అతిశయోక్తి యని త్రోసివేయరాదు. వారందరు చెప్పినది ఇది: అక్కడ పురుషుడు కనబడలేదు, సత్యభామ కనబడినది.

1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ వచ్చినది. దానిలో నటించినవారును సురభి నాటక సమాజమువారే. రంగస్థలపు కథలను, నటులను, పద్యములను సినిమా తనలోనికి లాగుకొన్నది. 1966లో ‘శ్రీకృష్ణ తులాభారము’ చలనచిత్రము విడుదలయినప్పుడు జమునగారు సత్యభామగా, ఎన్.టి. రామారావుగారు శ్రీకృష్ణుడుగా నటించిరి. స్థానంవారి పాటను పి. సుశీలగారు పాడిరి. స్థానంవారు అప్పటికి జీవించియే యున్నారు. రాఘవగారు కోరినట్లు స్త్రీ పాత్రను స్త్రీయే ధరించినది; పాటయు నిలిచినది. నేటికిని ఆ పాట ఇంటింట వినబడుచున్నది. కాని దానిని పాడుకొను పిల్లలలో ఎందరికి అది ఒక రంగస్థల నటుడు తన పాత్రకొరకు కట్టుకొన్న పాటయని తెలియును? పాట బ్రతికినది, దానిని పుట్టించిన అభినయము చూచినవారితోనే వెడలిపోవుచున్నది.

స్థానంవారు ‘నటస్థానము’ అను పేర తమ అనుభవములను వ్రాసియుంచిరి. అది మన భాగ్యము. కాని అది రంగస్థలముపైనుండి చూచినవాని వ్రాత. క్రిందనుండి చూచినవాని వ్రాత మనకు చాల తక్కువ. ఆయన నడివయస్సు నటనను చూచిన తరము నేడు దాదాపుగా లేదు. వారి బిడ్డలు మాత్రము ఉన్నారు. “మా నాయన చెప్పుచుండెడివాడు” అని మొదలుపెట్టి చెప్పగలవారున్నారు. ఆ మాటయు కొన్నియేండ్లలో వినబడకపోవును.

ఏప్రిల్ 16వ తేదీన వీరేశలింగము పంతులుగారి జన్మదినమును తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుచున్నారు. ఆనాడు పాఠశాలలలో ఉపన్యాసముతో ఆగక, ఉపాధ్యాయులు విద్యార్థులకు చిన్న పని యొకటి చెప్పవచ్చును. ఇంటిలోనో, వీధిలోనో ఉన్న వృద్ధు లొకరిని అడిగి, వారు చూచిన నాటకమును గూర్చి ఒక పుట వ్రాసికొని రమ్మనవచ్చును. “నాటకము బాగుండెనా?” అని అడుగరాదు; “బాగుండెను” అను సమాధానముతో సంభాషణ ముగిసిపోవును. ఎవరితో పోయితిరి? ఎచట కూర్చుంటిరి? ఎప్పుడు కన్నీరు వచ్చినది? ఏ పద్యము ఇప్పటికిని నోటికి వచ్చును? ఇట్లు అడుగవలెను. నలుబదిమంది విద్యార్థుల నలుబది పుటలు కలిపినచో ఆ ఊరి నాటక చరిత్ర యగును. అది పుస్తక భాండాగారములలో దొరకని చరిత్ర.

సత్యభామ నగలన్నియు త్రాసులో పోసినది, శ్రీకృష్ణుడు తూగలేదు. బిరుదములు, పతకములు, ఛాయాచిత్రములు ఎన్ని పోసినను నటుని కళ తూగదు. వెన్నెల రాత్రి ఎడ్లబండిలో ఇంటికి పోవుచు, నిద్ర రాక, ఆ పల్లవినే మరల మరల కూనిరాగము తీసికొన్న అజ్ఞాత ప్రేక్షకుని జ్ఞాపకము ఆ త్రాసులో వేయవలసిన తులసీదళము. అది వాడిపోకముందే అందుకొనుట మన పని.