గర్భసంచి తీయించుకోవడం నివారణ కాదు

నరసరావుపేట, గురజాల, మాచర్ల చుట్టుపక్కల ఏ మాలపల్లెలోనైనా, మాదిగపల్లెలోనైనా ఆడవాళ్లతో ఆరోగ్యం గురించి మాట్లాడండి. కాసేపటికే గర్భసంచి ఆపరేషన్ ప్రస్తావన వస్తుంది. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో ఆసుపత్రికి వెళ్తారు. వదిలేస్తే క్యాన్సర్ వస్తుందన్న భయంతో అప్పు చేసి మరీ కోయించుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. అదే సర్వేలో, మన రాష్ట్రంలో 30-49 ఏళ్లవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. పరీక్ష లేదు, కోత మాత్రం ఉంది.

తెల్లబట్ట అంటే క్యాన్సర్ కాదు. ఎక్కువసార్లు అది ఇన్‌ఫెక్షన్, మందులతో తగ్గుతుంది. ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అది ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోతేనే క్యాన్సర్‌గా మారుతుంది, అందుకు సాధారణంగా పది పదిహేనేళ్లు పడుతుంది. పట్టుకోవడానికి అంత వ్యవధి ఉందన్నమాట. పరీక్ష కూడా చిన్నదే. పలచటి అసిటిక్ ఆసిడ్, అంటే వెనిగర్ లాంటిది, ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం చూస్తారు. తెల్లమచ్చ తేలితే పెద్దాసుపత్రికి పంపుతారు. 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు అయిదేళ్లకోసారి ఇది ఉచితంగా చేయాలని జాతీయ కార్యక్రమమే చెబుతోంది. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ముట్లు ఆగిపోవడమే కాదు, ఎముకలు తొందరగా గుల్లబారతాయి. వినుకొండ, బొల్లాపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఇప్పటికే కీళ్లు పట్టేసిన కూలి మనిషికి ఇది మరో దెబ్బ.

ఈ లెక్కల్లో దళిత క్రైస్తవ స్త్రీ ఎక్కడుంది? ఎక్కడా లేదు. సర్వే పట్టికల్లో మతం ఒక వరుస, కులం ఒక వరుస. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా క్రైస్తవంలోకి వెళ్లిన దళితులను ఎస్సీ జాబితా నుంచి తప్పించింది, మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సిలో పెట్టి 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. అందుకే ఆదివారం గుడికి వెళ్లే మనిషి కాగితం మీద హిందూ ఎస్సీగా ఉంటుంది. మతం మారినవాళ్లకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు తీర్పు చెప్పాక, చేతిలో కాగితం పట్టుకుని మతం అడిగేవాళ్లంటే పల్లెల్లో భయం పెరిగింది. ఆ భయం న్యాయమైనదే. ఆరోగ్యం పేరుతో వెళ్లే పరిశోధకులు, నాలాంటివాళ్లతో సహా, ఆ ప్రశ్న అడగకుండానే పని చేసుకోవాలి.

చర్చికీ వైద్యానికీ ఇక్కడ పాత బంధమే ఉంది. 1842లో గుంటూరు వచ్చిన హేయర్ తర్వాత అమెరికా వెళ్లి వైద్యం చదివి వచ్చి గురజాలలో పనిచేశాడు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో స్త్రీల కోసం నిలబెట్టిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఇప్పుడు పల్లెలో మిగిలింది స్త్రీల సమాజం, శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఆసుపత్రి తగ్గి ప్రార్థన ఎందుకు పెరిగిందో వేరే వ్యాసం రాయాలి. అయితే ఇన్ని తరాలుగా మగవాళ్ల అజమాయిషీ లేకుండా ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు పల్లెలో ఇదొక్కటే. ఏఎన్ఎం, ఆశా వచ్చేది పగటిపూట, పని రోజుల్లో. మిరపకాయ కోతలప్పుడు ఆ వేళకు పల్లెలో ముసలివాళ్లూ పిల్లలే ఉంటారు. చేలో మరుగు లేక రోజంతా నీళ్లు తాగకుండా, తడిసిన బట్ట మార్చుకోకుండా ఉండేవాళ్లకు శుభ్రత గురించి పాఠం చెప్పడం తేలిక. రైతు చేత చేను గట్టున చాటు కట్టించడమే కష్టం.

రాష్ట్రంలో 58.8 శాతం స్త్రీలకు రక్తహీనత. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు, నిమ్మరసంతో పడుతుంది. ఉపవాసం రోజు ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుందని చాలామంది మాత్రలే మానేస్తారు. ఉపవాసం విడిచి అన్నం తిన్నాక వేసుకోమని పాస్టరమ్మ చెబితే వింటారు. ప్రార్థన మానమని చెప్పేవాళ్ల మాట ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా.

స్త్రీల సమాజాలూ దళిత సంఘాలూ కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడగాల్సింది ఒకటుంది. నెలకో ఆదివారం, ఆరాధన అయ్యాక, చాటున్న గదిలో, ఆడ సిబ్బందితో ఆ నిమిషం పరీక్ష పల్లెలోనే చేయాలి. తెల్లమచ్చ కనబడినవాళ్లను నరసరావుపేట పంపేటప్పుడు ఆశా కార్యకర్త వెంట వెళ్లాలి, ఆ రోజు కూలి డబ్బులు ఎవరిస్తారో కూడా ముందే తేలాలి.